పాత మైక్రోస్కోపు, వాడకం లేదు

"నీకు ఓపిక ఎక్కువేనంటావా అన్నయ్యా? పూర్తిగా నిజమా, కొంచెం నిజమా, అస్సలు కాదా?" అని మా ఆడపడుచు అడిగే సమయానికి నా పళ్ళ మధ్య టేపు ముక్క ఉంది. రెండు చేతులతో గోడగడియారానికి బబుల్ షీటు చుడుతూ, అట్టపెట్టె జారిపోకుండా మోకాలితో అదిమిపట్టుకుని ఉన్నాను. మా ఆయన సోఫాలో కాళ్ళు చాపుకుని, పైకప్పు కేసి చూసి, చాలా ఆలోచించినవాడిలా "పూర్తిగా నిజం, రాసుకో" అన్నాడు. ఎదురుగా ఉంటే ఆయన్ని మీరు అంటాను. నాలో నేను మాట్లాడుకునేటప్పుడు మాత్రం ఆ బహువచనం ఎప్పుడో ఊడిపోయింది.

మా ఆడపడుచు కాలేజీలో సైకాలజీ చెబుతుంది. మనిషి స్వభావానికీ, డబ్బు గురించి అతని ఆలోచనలకీ, ఈ ఆన్‌లైన్ వేలం సైట్లు వాడటానికీ ఏమిటి సంబంధం అని పరిశోధన చేస్తోంది. దొరికినవాళ్ళందరినీ కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతోంది. సొంత అన్నయ్యే పొద్దస్తమానం ఆ సైట్లో ఉంటాడు కాబట్టి ఆ ఆదివారం మా ఇంటికొచ్చింది. కొత్తవాళ్ళతో తొందరగా కలిసిపోతావా, ఏదైనా పని మొదలుపెడితే చివరిదాకా నువ్వే చేస్తావా, డబ్బు చేతిలో ఉంటే నలుగురిలో గౌరవం ఉంటుందనుకుంటావా, అని వరసగా అడుగుతోంది. మొదలుపెట్టిన పని చివరిదాకా తనే చేస్తానని మా ఆయన చెప్పినప్పుడు గడియారాన్ని పెట్టెలో పెడుతున్నాను. ఆ గడియారం కొన్నది ఆయన. దుమ్ము తుడిచింది, లోలకానికి తుప్పు వదిలించింది, ఫొటోలు తీసింది, వివరం రాసింది, దాన్ని కొనుక్కున్నాయన సవాలక్ష సందేహాలకు జవాబిచ్చింది నేను. రేపు భోజనం మానేసి కొరియర్ వాడి దగ్గర లైన్లో నిలబడేది కూడా నేనే.

"డబ్బు విషయంలో జాగ్రత్తపరుడివేనా?"

"అది నన్ను అడగవే" అంది మా అత్తగారు, బీన్స్ ఈనెలు తీస్తూ. "చిన్నప్పుడు వాడికిచ్చిన చిల్లర వాడి జేబులోంచి బయటికొచ్చేది కాదు. ఇప్పటికీ అంతే, ఒక్క రూపాయి దండగ చెయ్యడు."

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ తల వెనక షెల్ఫులో ఒకటి కూడా పనిచెయ్యని కెమెరాలు బారులు తీరి ఉన్నాయి.

"వదినని కూడా అడగనా?" అంది ఆడపడుచు. పాపం, మంచిపిల్లే. మా ఆయన పకపకా నవ్వాడు. "మీ వదిననా? వేలంపాటంటే పదిమందిలో నోరు తెరిచి ధర చెప్పాలే. గుండె ధైర్యం కావాలి. మీ వదిన కూరగాయలవాడితో బేరమాడటానికే తడబడుతుంది." అందరూ నవ్వారు. నోట్లో టేపు ఉంది కాబట్టి నేను ఏమీ అనలేదు. టేపు లేకపోయినా ఏమీ అనేదాన్ని కాదని వాళ్ళకీ తెలుసు, నాకూ తెలుసు.

ఆ సైటు సంగతి చెప్పాలి. అది 'మీరు కొన్నారు' అనదు. 'అభినందనలు, మీరు గెలిచారు' అంటుంది. డబ్బు కట్టి తెచ్చుకున్న వస్తువుకి గెలుపేమిటో నాకు మొదట్లో అర్థమయ్యేది కాదు. తర్వాత అర్థమైంది. ఆఫీసులో పై అధికారి చీవాట్లు పెట్టిన రోజున మా ఇంటికి ఒక కెమెరా వస్తుంది. తోటివాడికి ప్రమోషనొస్తే ఒక గడియారం వస్తుంది. ఫోను పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చి "గెలిచాను" అంటాడు. నేను గరిటె పట్టుకునే "అలాగా" అనాలి, మొహంలో సంతోషం కనపడాలి. లేకపోతే "నీకు దేనిమీదా ఆసక్తి లేదు" అంటాడు. నేను పనిచేసే లాబ్‌లో నన్ను ఎవరైనా ఒక మాట అన్న రోజున నేను కూడా ఇంటికొచ్చి ఏదో ఒకటి చేస్తాను. అంట్లు తోముతాను.

గెలిచిన వస్తువుల్లో సగం మళ్ళీ ఆ సైట్లోనే అమ్ముతాం. మనం అమ్ముతాం అంటాడు మా ఆయన. ఆయన అకౌంటు పాస్‌వర్డు నాకు తెలుసు, ఎందుకంటే అందులో ఉత్తరప్రత్యుత్తరాలన్నీ నావే. "సార్, మీ ప్యాకింగ్ అద్భుతం", "సార్, మీలాంటి ఓపికున్న మనిషిని చూడలేదు" అని జనం రాస్తారు. నేను ఆయనై "ధన్యవాదాలు" అని జవాబిస్తాను. భోజనాల దగ్గర ఆ పొగడ్తలు పైకి చదివి "చూశావా, బయట నా పేరెలా ఉందో" అంటాడు. అయిదుకి అయిదు స్టార్లు, ఒక్కటి తగ్గలేదు. ఇంకో అకౌంటు కూడా ఉంది, మా అత్తగారి పేరు మీద. ఫోన్లో ఆకుపచ్చ బొత్తమేదో ఎర్ర బొత్తమేదో తెలియని ఆవిడ పేరుతో, మేం అమ్మే వస్తువులకి మేమే దొంగపాట పాడి ధర పెంచడానికి. "అందరూ చేసేదే" అంటాడు. దాని పాస్‌వర్డు కూడా నా బుర్రలోనే ఉంది.

నేను రక్తపరీక్షల లాబ్‌లో పనిచేస్తాను. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా మైక్రోస్కోపు మీద వంగి స్లైడ్లు చూడటమే పని. చూసేది నేను, కింద సంతకం పెట్టేది డాక్టరు. అక్కడా నా పేరుండదు, ఇక్కడా ఉండదు. పెళ్ళయిన కొత్తలో "లెక్కలన్నీ ఒకచోట ఉంటే సులువు" అని మా ఆయన నా బ్యాంకు ఖాతాకి తన ఫోన్ నంబరు ఇచ్చాడు. అప్పటినుంచీ నా జీతం పడిందని నాకన్నా ముందు ఆయనకు తెలుస్తుంది. నాకు డబ్బు కావాలంటే ఆయన ఫోనుకొచ్చే నంబరు ఆయనే చదివి చెప్పాలి. చెప్పేముందు ఒక్క మాట అడుగుతాడు. "దేనికి?" చెప్పులు తెగినా దేనికి, లోపలి బట్టలు చిరిగినా దేనికి. ఆయన ఎప్పుడూ కాదనలేదు. కాదనలేదు కాబట్టి ఆయన మంచివాడు, అడిగించుకున్నందుకు నాకు కోపం రావడం నా స్వభావంలో లోపం. మా ఆడపడుచు ప్రశ్నల్లో ఈ "దేనికి?" గురించిన ప్రశ్న ఒక్కటీ లేదు.

అయితే నాకొక దొంగ సొమ్ము ఉంది. ఆదివారాలు తెల్లవారుజామునే మంచం దిగలేని పెద్దవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి రక్తం తీసుకొస్తే లాబ్‌వాళ్ళు విడిగా చేతికిస్తారు. ఇంట్లో దాన్ని డ్యూటీ అనే చెప్పాను. మా లాబ్ రిసెప్షన్‌లో కూర్చునే ఆవిడని అందరం రిసెప్షన్ అక్క అంటాం. మొగుడు పోయి, ఒక్కత్తే బతుకుతూ, ఎవరినీ లెక్కచెయ్యని మనిషి. "నీ పేరుతో, నీ ఫోన్ నంబరుతో ఒక ఖాతా లేకపోతే నువ్వు మనిషివి కాదే, ఇంకొకరి జేబువి" అని తిట్టి, నాకొక కొత్త ఫోన్ నంబరు తీయించి, పక్కనే ఉన్న బ్యాంకుకి తీసుకెళ్ళి ఖాతా తెరిపించింది. నా ఆదివారాలన్నీ అందులో ఉన్నాయి.

ఆరోజు ఆడపడుచు వెళ్ళిపోయాక, మా ఆయన అకౌంటులో ఉత్తరాలు చూస్తున్నాను. ఎవరో అడిగారు: "సార్, మైక్రోస్కోపు లెన్సు మీద గీతలున్నాయా?" ఏ మైక్రోస్కోపు అనుకుంటూ తెరిచాను. ఫొటోలో మా మంచం మీది దుప్పటి ఉంది. దుప్పటి మీద నా ఇత్తడి మైక్రోస్కోపు ఉంది. కింద, "పాత మైక్రోస్కోపు. వాడకం లేదు. ఇంట్లో వృథాగా పడి ఉంది." ఇన్నేళ్ళలో ఒక్క వస్తువుకి కూడా ఫొటో తియ్యని మనిషి, ఒక్క వాక్యం రాయని మనిషి, దీనికి మాత్రం నేను ఇంట్లో లేనప్పుడు తనే తీసి తనే రాసుకున్నాడు. అంటే తప్పని తెలుసు.

అది నా మొదటి జీతం. నేను చదువుకున్న కాలేజీలో పాత సామాను వేలం వేస్తున్నారని తెలిసి వెళ్ళాను. ఆవరణలో విరిగిన బల్లలు, ఫ్యాన్ల మధ్య అది ఎండలో నిలబడి ఉంది. పాత ఇనుము కొనేవాళ్ళు కాటాకి వెయ్యడానికి దాన్ని ఎత్తి బరువు చూస్తున్నారు. నేను వాళ్ళ మధ్యలో నిలబడి ధర పాడాను. ఒకాయన వెనక్కి తిరిగి "అమ్మాయ్, నీకెందుకమ్మా ఇది" అన్నాడు. ఇంకా పెంచి పాడాను. ప్యూను మూడోసారి అని బల్ల చరిచినప్పుడు చివరి పాట నాదే. లాబ్‌లో నేను చూసేదంతా ఎవరి రోగమో ఏమిటో. ఇంట్లో దీనికింద చూసేది ఉల్లిపొర, చిమ్మట రెక్క, కిటికీ మీద నిలిచిన వానచుక్క. ఎవరూ నన్ను రిపోర్టు అడగరు. ఏడాదికి నాలుగైదుసార్లు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు తీసేదాన్ని. నా బతుకులో దేనికీ పనికిరాకుండా నేను చేసే పని అదొక్కటే. పదిమందిలో నోరు తెరవలేనని నవ్విన మనిషి ఆ వస్తువు ఎక్కడిదని ఒక్కసారైనా అడిగి ఉంటే తెలిసేది.

వెళ్ళి అడిగాను. కోపం దిగమింగుకుని మామూలుగా అడిగాను.

"అది నాదండీ. నన్ను అడక్కుండా ఎందుకు పెట్టారు?"

"నాదీ నీదీ ఏమిటి, మనది. మన ఇంట్లో వస్తువు. ఎప్పుడు వాడావు చెప్పు? మంచి ధర పలుకుతోంది. ఇల్లు చూడు, ఎలా ఇరుకైపోయిందో."

ఇల్లు ఇరుకైంది ఆయన గెలుపులతో. మంచం కింద గడియారాలు, బీరువా మీద గడియారాలు. ఆ ఇంట్లో నాది అడుగున్నర చోటు పట్టే ఒక్క వస్తువు. దాన్ని తీసేస్తే ఇల్లు విశాలమవుతుందట.

"తీసెయ్యండి" అన్నాను.

"అప్పుడే పాట పడింది. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే నా పేరేం కావాలి? స్టార్లు తగ్గవూ?"

"ఇత్తడి ముక్కకి ఏడుస్తారటే ఎవరైనా?" అంది మా అత్తగారు. నేను ఏడవలేదు. ఆడదాని గొంతు కాస్త లేస్తే ఈ ఇంట్లో దాని పేరు ఏడుపు.

పాస్‌వర్డు నా దగ్గరే ఉంది. ఒక్క నొక్కుతో తీసేయగలను. వేలు బొత్తం దాకా వెళ్ళి ఆగింది. తీసేస్తే ఏమవుతుంది? పెద్ద గొడవవుతుంది, నాలుగు రోజులు మాటలుండవు, తర్వాత "సరేలే, ఉంచుకో" అంటాడు. అడిగి నిలుపుకుంటే అది ఆయన దయ. వచ్చే నెల ఆ దయ మళ్ళీ ఉంటుందో లేదో తెలియదు. మనది అన్న మాట ఉన్నంతకాలం అది ఆయన ఎప్పుడైనా అమ్ముకోగల వస్తువే. ఆయన నమ్మే దారి ఒక్కటే ఉంది, పాడుకున్నవాడిదే సొత్తు. సరే, ఆ దారినే వెళ్దాం అనుకున్నాను.

మర్నాడు లాబ్‌లో, రిసెప్షన్ అక్క ఇంటి చిరునామాతో, నా కొత్త నంబరుతో ఆ సైట్లో ఒక అకౌంటు తెరిచాను. పేరేం పెట్టుకోవాలో తోచక 'ఆదివారం' అని పెట్టాను. "నీ వస్తువు నువ్వు కొనుక్కోవడమేంటే, నీ బుర్ర గానీ చెడిందా?" అంది అక్క. కాసేపు నా మొహం చూసి, "చెడితే చెడింది, కొను" అంది.

పాట ముగిసేది తర్వాతి ఆదివారం సాయంత్రం. మొదట్లో ఇంకెవరో ఇద్దరు ముగ్గురు పాడి తప్పుకున్నారు. చివరి పావుగంటకి మిగిలింది మా అత్తగారూ, నేనూ. మా ఆయన సోఫాలో కూర్చుని ఒక ఫోన్లో అమ్మకం చూస్తూ, ఇంకో ఫోన్లో వాళ్ళమ్మ పేరుతో పాట పెంచుతున్నాడు. మా అత్తగారు పక్కనే కునుకు తీస్తోంది. నేను వంటింట్లో, పిండి డబ్బా వెనక ఫోను ఆనించి, పిండి చేతులతో పాడుతున్నాను. లోకంలో ఇన్ని రకాల అత్తాకోడళ్ళ తగవులున్నాయి గానీ, అత్త నిద్రపోతుండగా కోడలు ఆవిడతో పోట్లాడటం మా ఇంట్లోనే జరిగింది.

"ఎవడో ఆదివారం గాడట, పిచ్చోడు దొరికాడు" అని హాల్లోంచి అరిచాడు. "ఇంకొంచెం లాగుతా చూడు."

లాగాడు. నేనూ పెంచాను. మళ్ళీ లాగాడు. ఆయన వేలు నొక్కినప్పుడల్లా నా ఆదివారం ఒకటి పోయింది. మెట్లెక్కి, తలుపు కొట్టి, ముసలివాళ్ళ ఎండిన చేతుల్లో నరం దొరక్క, బతిమాలి తీసిన రక్తం తాలూకు డబ్బు. భార్య చెమటని భర్త సోఫాలో కూర్చుని వేలితో పిండుతున్నాడు, పిండుతూ నవ్వుతున్నాడు. ఇందులో కొత్తేముందని అనిపించి ఒళ్ళంతా మండిపోయింది. ఇన్నాళ్ళూ జరిగిందీ ఇదే, ఇప్పుడు అంకెల్లో కనపడుతోంది, అంతే. ఖాతాలో ఉన్నదంతా దాదాపు అయిపోయే ధర దగ్గర ఆయనకి భయమేసింది. ఎక్కువ లాగితే పిచ్చోడు పారిపోతాడని ఆగాడు. సైటు నాకు మొదటిసారి రాసింది, అభినందనలు, మీరు గెలిచారు. పిండి చేత్తో ఫోను బోర్లా పెట్టేశాను.

"చూశావా?" అంటూ గుమ్మంలోకి వచ్చాడు. "నువ్వు దుమ్ము పట్టించిన దానికి నేనెంత రాబట్టానో చూడు. అదీ డబ్బు తెలివంటే. నీకేమైనా కొనిపెడతాలే." తర్వాత, "పార్టీ మంచిది, జాగ్రత్తగా ప్యాక్ చెయ్యి" అన్నాడు.

జాగ్రత్తగానే చేశాను. లెన్సులు విడిగా తీసి దూదిలో చుట్టాను. గొట్టానికి మెత్తటి పాత చీర ముక్క చుట్టాను. మా ఆయన ఏనాడూ పెట్టె మీద చిరునామా చదవలేదు, ఆరోజూ చదవలేదు. పెట్టె చంకలో పెట్టుకుని కొరియర్ దుకాణం ముందునుంచే నడుచుకుంటూ అక్క ఇంటికి వెళ్ళాను. ఆవిడ కిటికీ పక్కన బల్ల ఖాళీ చేసి ఉంచింది. పెట్టె విప్పి, లెన్సులు బిగించి, ఆవిడ కుండీలోంచి ఒక ఆకు కోసి చూశాను. నా కళ్ళకి ఏమీ కనపడలేదు, నీళ్ళు అడ్డమొచ్చాయి. అక్క గమనించనట్టు టీ పెట్టడానికి వెళ్ళింది. మర్నాడే లాబ్ ఆఫీసులో, ఈ నెల నుంచి నా జీతం కొత్త ఖాతాలో వెయ్యమని రాసిచ్చాను. ఎందుకని అక్కడ ఎవరూ అడగలేదు. అంత పెద్ద పని అంత తేలిగ్గా అయిపోతుందని తెలిస్తే ఎప్పుడో చేసేదాన్నే.

ఆ తర్వాతి ఆదివారం నేను రక్తం పనుల నుంచి వచ్చేసరికి ఇల్లు అట్టుడికిపోతోంది. మా ఆడపడుచు మళ్ళీ వచ్చి కూర్చుని ఉంది. మా ఆయన ఫోను పట్టుకుని హాల్లో పచార్లు చేస్తున్నాడు.

"ఆ ఆదివారం గాడు ఒక్క స్టారిచ్చాడు. నా రికార్డంతా నాశనం చేశాడు. ఏం రాశాడో చూడు: 'ప్యాకింగ్ బాగుంది. అమ్మినవాడికి వస్తువు ఎవరిదో తెలియదు.' దీని అర్థమేంటి? నేను దొంగనా?" నా వైపు తిరిగాడు. "నువ్వేం ప్యాక్ చేశావసలు? కూర్చో, వాడికి మర్యాదగా ఒక జవాబు రాయి. బతిమాలు. ఆ మాట తీసెయ్యమను."

"ప్యాకింగ్ బాగుందనే కదా రాశారు" అన్నాను.

"వాదించకు. రాయి."

చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని వచ్చి భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాను. బల్ల మీద రేపు వెళ్ళాల్సిన ఇంకో గడియారం, పక్కన టేపు చుట్ట ఉన్నాయి. రాయమన్నది నేను రాయలేదు. మా ఆడపడుచుకి గొడవ సర్దాలనిపించిందో ఏమో, "అన్నయ్యా, కాస్త కూర్చో. వదినా, నాకొక మనిషి తక్కువయ్యారు. ఒక్క అయిదు నిమిషాలు నువ్వు చెప్పవా?" అంది.

"దానికేం తెలుసే" అన్నాడు మా ఆయన, ఫోన్లోంచి తలెత్తకుండా.

"ఊరికే అడుగుతాలే. వదినా, ఎప్పుడైనా వేలంలో పాడావా?"

"రెండుసార్లు."

ఈసారి కూడా బీన్స్ ఈనెలు తీస్తున్న మా అత్తగారు వాటిని పక్కన పెట్టింది. ఆడపడుచు కళ్ళు పెద్దవయ్యాయి. "నిజంగానా? ఏం కొన్నావు?"

"రెండుసార్లూ ఒకటే వస్తువు. మైక్రోస్కోపు."

"ఒకే వస్తువు రెండుసార్లా? ఎవరి దగ్గర?"

"మొదటిసారి కాలేజీవాళ్ళ దగ్గర, నా మొదటి జీతంతో. రెండోసారి మీ అన్నయ్య దగ్గర."

పచార్లు ఆగిపోయాయి. ఆయన ఫోను కేసి చూశాడు, నా కేసి చూశాడు, మళ్ళీ ఫోను కేసి చూశాడు. ఆ పేరు, నేను ఆదివారాలు డ్యూటీకని వెళ్ళడం, తను నవ్వుతూ పెంచిన పాట, ఒక్కొక్కటే ఆయన మొహం మీద కలుసుకోవడం నాకు స్పష్టంగా కనపడింది. నోరు తెరిచాడు. దేనికి అని అడుగుతాడేమో అనుకున్నాను. అడగలేదు.

మా ఆడపడుచు ఇంకా పెన్ను పట్టుకునే ఉంది. ఏం చెయ్యాలో తెలియక తర్వాతి ప్రశ్నే చదివింది, గొంతు తగ్గించి. "అమ్మిన మనిషి గురించి... నీ అభిప్రాయం?"

"ఒక్క స్టారిచ్చాను" అన్నాను. "అది కూడా ప్యాకింగ్‌కి. అది నేను చేసిందే కదా, ఇవ్వకుండా ఎలా ఉంటాను?"

అని లేచి, టేపు చుట్ట తీసి మా ఆయన చేతిలో పెట్టాను.

"గడియారం రేపు వెళ్ళాలండీ. లోలకం విడిగా చుట్టండి, లేకపోతే విరుగుతుంది."